అభ్యంతరాలు అడిగే పెద్దబాపు

పోయిన నెల కరీంనగర్‌లో మా మేనకోడలి అత్తగారి చర్చికి వెళ్ళాం. ఆరాధన చివర పాస్టరుగారు ఒక పెళ్ళి ప్రకటన చదివారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైనది, ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను, ఇది మొదటి ప్రకటన. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఇలా చదవడం మా చర్చిల్లో ఆనవాయితీ. ఎవరూ ఏమీ అనరు. అభ్యంతరం ఉన్నవాళ్ళు కూడా ఇంటికి వెళ్ళాకే అంటారు. నేను మాత్రం అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా లేచి "చాయ తాగి రావచ్చునా?" అని అడుగుతారేమోనని. ఆ ఊహకే నవ్వొచ్చింది. మా ఆవిడ తొడ మీద గిల్లింది. చర్చిలో పెళ్ళి మాట వినబడితే నవ్వే మొగుడు ఎవరికైనా అనుమానమే కదా.

నాకు నవ్వు తెప్పించిన మనిషి పోయి రెండేళ్ళు దాటింది. పేరు రాయను. మా కాలనీలో సగం మందికి ఆయన పెదనాన్న వరసలో పెద్దబాపు, మిగతా సగానికి ప్రకటనల తాత. మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే దారిలో బొగ్గుబావి కాలనీ మాది. ఒక్కో క్వార్టరుది ఒక్కో ఊరు, ఒక్కో యాస. రేకుల కప్పున్న చిన్న చర్చి. పెద్దబాపు బావి మీద ల్యాంపు రూములో పనిచేసి రిటైరయ్యాడు. కిందికి దిగే ప్రతి కార్మికుడికీ నెత్తిన పెట్టుకునే దీపం ఇచ్చి, షిఫ్టు అయ్యాక తిరిగి తీసుకునే పని అది. దీపం తిరిగి రాలేదంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. రిటైరయినా ఆ పని ఆయన్ని వదల్లేదు. ఆదివారం చర్చి గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళను పట్టించుకోకుండా రానివాళ్ళ గురించి అడిగేవాడు. "మీ అత్త ఏది? మీ పక్కింటాయన రాలే?" ఇదీ ఆయన పలకరింపు.

ఒకసారి నాకు ఉక్రోషం వచ్చి అడిగాను. "నేనొచ్చిన గద పెద్దబాపు, నన్ను మాట్లాడియ్యవా?"

"నువ్వొచ్చినవ్ గద. నిన్నేం అడుగుడు."

తెల్లచొక్కా, మెడ దాకా గుండీలు, చెవి మీద పెన్సిలు. నుదుటి మీద నీలంగా ఒక బొగ్గు గాటు, ల్యాంపు రూముకు రాకముందు కొన్నేళ్ళు కింద పనిచేసినప్పటిది. అయ్యగారి ప్రసంగం ముగిశాక, దీవెనకు ముందు, ప్రకటనలు చదవడం ఆయన వంతు. అయ్యగారంటే మా పాస్టరు. పెద్దబాపు మైకులో మూడుసార్లు ఊదేవాడు. అది బ్రహ్మాండంగా పనిచేస్తున్నా నమ్మకం కుదరక, వేలి కణుపులతో బల్ల మీద కొట్టేవాడు. కాగితం చదివేటప్పుడు రావలెను, చేయవలెను, గమనించగలరు అంటూ అచ్చు పుస్తకాల తెలుగు. చదివాక కళ్ళజోడు ముక్కు మీదికి దించి, "అంటే ఏందంటే" అని మా మాటల్లోకి వచ్చేవాడు. ఆ "అంటే ఏందంటే" కోసమే కొందరు ఆఖరు దాకా కూర్చునేవారు. పాపం, ఆ సంగతి అయ్యగారికీ తెలుసు.

ఈ అభ్యంతరాల గొడవ పొరపాటున మొదలైంది. సర్కారు దవాఖాన నర్సు ఒకావిడ మా అయ్యగారికి ఒక కాగితం పంపింది, ఫలానా రోజు కంటి పరీక్షలు, శుక్లాలుంటే ఆపరేషన్, మీ చర్చిలో చెప్పండి అని. అయ్యగారు దాన్ని పెద్దబాపు చేతిలో పెట్టారు. పెద్దబాపుకు అప్పటికి తెలిసిన ముఖ్యమైన ప్రకటన పెళ్ళి ప్రకటన ఒక్కటే. అదే రాగంలో ఎత్తుకున్నాడు. కంటి శిబిరం, చోటు, వేళ అన్నీ చదివి, "ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను, ఇది మొదటి ప్రకటన" అన్నాడు. చర్చి చర్చంతా నవ్వింది. అయ్యగారు కూడా బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ నవ్వుల్లో ఒక ముసలమ్మ లేచి నిలబడింది. "నాకున్నది అభ్యంతరం" అంది. "కండ్లు కోసినంక కొన్నొద్దులు పొయ్యి కాడికి పోవద్దంటరు. మరి నాకు, మా ముసలాయనకు బువ్వ ఎవలు వండుతరు?"

నవ్వు ఆగిపోయింది. పెద్దబాపు చెవి మీది పెన్సిలు తీసి, కాగితం వెనుక రాసుకున్నాడు. మరుసటి ఆదివారం రెండవ ప్రకటన చదువుతూ, ముసలమ్మ అభ్యంతరానికి జవాబు కూడా చదివాడు. పొద్దున ఫలానా ఇంటి నుంచి, మాపటికి ఫలానా ఇంటి నుంచి బువ్వ వస్తది, ఆ ఇండ్లవాళ్ళు ఒప్పుకున్నరు అని. మూడవ ప్రకటన అయిన వారం ముసలమ్మ ఆపరేషన్‌కు దవాఖాన వ్యాను ఎక్కింది. చూపు వచ్చాక ఆమె చేసిన మొదటి పని, ఆ రెండిళ్ళ వంటల్లో ఉప్పు ఎక్కువైందని పెద్దబాపుతో చెప్పడం.

అప్పట్నుంచి ఆరోగ్యం కాగితం ఏదొచ్చినా మూడు ఆదివారాలు, అభ్యంతరాలతో సహా. షుగరు పరీక్షకు పొద్దున ఏమీ తినకుండా రావలెను అంటే, "చాయ సుత తాగొద్దా?" అని వెనుక నుంచి ఒకాయన లేచాడు. అది మా కాలనీలో ప్రాణసంకటం. పెద్దబాపు వారమంతా కనుక్కుని, "చాయ సుత వద్దట. గని నెత్తురిచ్చినంక చర్చి ఎనుక చాయ ఉంటది, నేనే పెడ్త" అన్నాడు. ఆడవాళ్ళ పరీక్షల గురించి చదివిన రోజు మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. కానుకల సంచి విప్పితే అందులో చీటీ ఉంది. "మొగ డాక్టరైతే మేం రాము" అని మూడు రకాల చేతిరాతల్లో మూడు పంక్తులు. ఎవరు రాశారని ఆయన అడగలేదు. లేడీ డాక్టరు వస్తుందని తేల్చుకుని మరీ రెండవ ప్రకటన చదివాడు.

తర్వాత ఆ కాగితాలకు కాళ్ళొచ్చాయి. పెద్దబాపు కార్బన్ పేపరు పెట్టి ఒత్తి ఒత్తి రాసి, చెన్నూరు దిక్కు, మంథని దిక్కు ఉన్న చిన్న చిన్న చర్చిలకు బస్సుల్లో పంపేవాడు. అన్నింటి అడుగునా "మూడుసార్లు చదవవలెను" అని ఉండేది. గోదావరి ఒడ్డు ఊర్లో ఒక పాస్టరు దాన్ని ఒకే ఆదివారం వరుసగా మూడుసార్లు చదివేశాడట. వాళ్ళ సంఘం మొత్తం మూడోసారికి కంఠస్థం పట్టేసిందని పెద్దబాపు మెచ్చుకున్నాడు. చర్చి ఎదురుగా కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీ భాయికి కూడా ఒక కాపీ అందేది. "మీ దిక్కు జర నువ్వు చెప్పు భాయ్" అనేవాడు. భాయి దాన్ని ఉర్దూలో చెప్పి, వాళ్ళవాళ్ళ అభ్యంతరాలు కొలతల చీటీ మీద రాసి పంపేవాడు. అవి కూడా మా చర్చిలో చదివేవాళ్ళం. ఎవరి అభ్యంతరమైనా అభ్యంతరమే.

ఇక నా సంగతికి వస్తాను. నాది మోటార్ వైండింగ్ పని. అప్పటికి పెళ్ళి కాలేదు. నోట్లో నువ్వుగింజ నానదు, మైకంటే పిచ్చి. క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషమిచ్చినా నాలుగు మాటలు సొంతంగా కలిపేవాణ్ణి. ఒక ఆదివారం పెద్దబాపు చదివాడు. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారు గళ్ళ, అనగా తెమడ పరీక్ష చేయించుకొనవలెను, వ్యాధి ఉన్న యెడల ఆరు నెలలు విడువక మందులు వాడవలెను. కళ్ళజోడు దించాడు. "అంటే ఏందంటే, టీబీ. పేరు పెట్టి చెప్తున్న, ఎవల్నీ అంటలేను. గోలీలు మొదలువెడితే ఒంటికి పోయినప్పుడు ఎర్రగ వస్తది. నెత్తురని పరేషాన్ కాకుండ్రి. గది మందు రంగు."

చర్చిలో, ఆదివారం పూట, మైకులో మూత్రం రంగు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు రేకుల కప్పు వైపు చూస్తూ ఉండిపోయారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. నవ్వీ నవ్వీ దగ్గు తెర వచ్చింది. పక్కన కూర్చున్న మా అవ్వ, అంటే మా అమ్మ, నవ్వలేదు. మూడవ ప్రకటన అయిన తెల్లారే నన్ను దవాఖానకు గుంజుకుపోయింది. ఉంది అన్నారు.

గోలీలు మొదలుపెట్టాను. రెండు నెలలకు దగ్గు పోయింది, ఆకలి తిరిగొచ్చింది, చొక్కాలు బిగుతయ్యాయి. ఇంకేం, మైకు పిలిచింది. మేలు జరిగినవాళ్ళు లేచి అందరి ముందూ చెప్పడాన్ని మా చర్చిలో సాక్ష్యం అంటాం. నేను లేచి, దేవుడు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడు అన్నాను. "పూర్తిగా" అనే మాట ఎంత బాగా పేలిందంటే, ఇంకో రెండుసార్లు అన్నాను. చప్పట్లు కొట్టారు. మా అవ్వ ఏడ్చింది.

మరునాడు పొద్దున గోలీలు చేతిలో పోసుకుని ఆగిపోయాను. పూర్తిగా బాగైన మనిషికి గోలీలెందుకు? ఏ నోటితో సంఘం ముందు ఆ మాట అన్నానో అదే నోటితో వీటినెలా మింగడం? ఎవరైనా చూస్తే? మందు మీద నాకు అపనమ్మకం లేదు, దేవుడి మీద అంతకన్నా లేదు. ఉన్నదల్లా సిగ్గు. గోలీల పెట్టెను తీసుకెళ్ళి దుకాణంలో రాగితీగ చుట్టల వెనుక దాచేశాను. దగ్గు ఎలాగూ లేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మూడో వారంలో ఒక పొద్దున పెద్దబాపు దుకాణానికి వచ్చాడు. ఒక ఖాళీ మోటారు డొప్ప మీద కూర్చుని, ఎవరి మోటారు ఎందుకు కాలిందో తీరిగ్గా అడిగాడు. తర్వాత అదే గొంతుతో, "ఒంటికి ఏ రంగుల పోతున్నవ్?" అన్నాడు.

"మామూలుగనే" అన్నాను. అన్నాక తెలిసింది ఏమన్నానో.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "బీడీల అక్క రెండు ఆదివారాల సంది వస్తలేదు" అన్నాడు. "నిన్న ఇంటికి పోయిన. మల్ల దగ్గుతుంది. గోలీలు ఆపిందట. ఎందుకు ఆపినవ్ బిడ్డా అంటే నీ పేరు చెప్పింది. తమ్మునికి రెండు నెలలకే దేవుడు పూర్తిగ మంచిగ చేసిండు, నేనెందుకు తినుడు అన్నది. నువ్వు ఒక్కనివి ఆపితే నీ ఒక్కనితోనే పోతుండె. పూర్తిగ బాగైందని అందరికి చెప్పి ఆపినవ్ రా."

బీడీల అక్క అంటే చర్చిలో ఎప్పుడూ తలుపు పక్కన కూర్చునే ఆవిడ. భర్త లేడు. బీడీలు చుట్టి ఇద్దరు ఆడపిల్లలను చదివించుకుంటోంది. నాకంటే నెల వెనుక ఆమెకూ అదే జబ్బు బయటపడింది, అవే గోలీలు. ఆ పిల్లలకు ఆమె తప్ప ఎవరున్నారు? దుకాణం మూయకుండానే ఆమె ఇంటికి పరిగెత్తాను.

వాకిట్లో చాటలో తునికాకు పెట్టుకుని కూర్చుంది. మూడు బీడీలకు ఒకసారి దగ్గుతోంది. నేను గబగబా చెప్పాను. నాకు పూర్తిగా తగ్గలేదని, గోలీలు ఆపొద్దని, నేనూ ఈ రోజు నుంచే మళ్ళీ మొదలుపెడుతున్నానని. ఆమె చేతిలో దారం ఆగలేదు.

"గప్పుడు అబద్ధం చెప్పినవా తమ్మీ, గిప్పుడు చెప్తున్నవా?" అంది.

తిరిగి వచ్చి, దుకాణంలోనే కూర్చుని ఉన్న పెద్దబాపు ముందు కూలబడ్డాను. "వచ్చే ఆదివారం లేచి, నా సాక్ష్యం అబద్ధమని చెప్త" అన్నాను.

"అబద్ధం కాదురా, తొందర" అన్నాడు ఆయన. "దగ్గు పోయింది నిజమా కాదా? నిజమే. గది మొదటి ప్రకటన. మొదటి ప్రకటనతోనే పెండ్లి అయితదా? మూడు కావాలె."

"అయ్యగారు ఒప్పుకుంటడా?"

"ఆయనకు అభ్యంతరముంటే చెప్తడు తీ."

నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్ళాడు. డాక్టరు ముందు చివాట్లు పెట్టి, తర్వాత గళ్ళ పరీక్ష చేసి, మిగిలిన నాలుగు నెలలూ ఒక్క రోజు తప్పకుండా వాడమన్నాడు. ఆదివారం వచ్చింది. బీడీల అక్క తలుపు పక్కన కూర్చుని ఉంది. పెద్దబాపు ఏం చెప్పి రప్పించాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మైకు ఊది, బల్ల కొట్టి, నా స్వస్థతను గూర్చి ఇది రెండవ ప్రకటన అని చదివాడు. కళ్ళజోడు దించాడు.

"అంటే ఏందంటే, దేవుడు మంచిగ చేసుడు మొదలువెట్టిండు, ఇంక నాలుగు నెలల గోలీలున్నయి. మంథని బస్సెక్కి పెద్దపల్లిలనే దిగి, ఊరొచ్చింది అంటే ఎట్ల? దిగిండు వీడు. మల్ల ఎక్కుతుండు. సూడుండ్రి."

స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చాడు. నేను సంఘం ముందు నిలబడి గోలీలు ఒక్కొక్కటే వేసుకున్నాను. మైకు నా మూతి ముందే ఉంది గానీ దాని వైపు చూడబుద్ధి కాలేదు. ఒక గోలీ అడ్డం పడి దగ్గొచ్చింది. జనమంతా బిగుసుకుపోయారు, జబ్బు తిరగబెట్టిందని. గోలీ దిగాక నేను నవ్వాను, తర్వాత వాళ్ళు నవ్వారు. అక్క నవ్వలేదు, కానీ నేను మింగినంతసేపూ నన్నే చూసింది.

మంగళవారం ఆమె దవాఖాన వరసలో నిలబడింది. డాక్టరు ఆమెకు మొదట్నుంచీ ఆరు నెలలు వాడాలన్నాడు. పెద్దబాపు నాకు పని అప్పజెప్పాడు. పొద్దున దుకాణానికి పోతూ నా గోలీలు పట్టుకుని అక్క ఇంటికి పోవాలి, ఇద్దరం ఎదురుబొదురు కూర్చుని వేసుకోవాలి. ఆమె పెద్దబిడ్డ నీళ్ళు తెచ్చేది. మొదటి వారం అక్క నాతో మాట్లాడలేదు. రెండో వారం, "నీ మొకం జూస్తేనే కడుపుల తిప్పుతుంది తమ్మీ, గోలీ యాదికొస్తది" అంది. అప్పట్నుంచి మాకు స్నేహం. ఆమెకు వాంతులయిన రోజుల్లో నేను దుకాణం ఆలస్యంగా తెరిచేవాణ్ణి. నాకు విసుగొచ్చిన రోజుల్లో ఆమె గ్లాసు ఎత్తి పట్టుకుని, "ఎయ్యి మరి, నేను కూసున్న" అనేది.

నాలుగు నెలలు గడిచాయి. నా గోలీలు అయిపోయాయి, పరీక్షలో ఏమీ లేదన్నారు. ఈసారి నిజంగా పూర్తిగా. నేను నాలుగు పేజీల సాక్ష్యం రాసి జేబులో పెట్టుకుని వెళ్ళాను. పెద్దబాపు మూడవ ప్రకటన, ఆఖరి ప్రకటన అని చదివి, ఎప్పటిలాగే అభ్యంతరాలు అడిగాడు. నేను అప్పటికే సగం లేచాను.

"నాకున్నది" అని వినిపించింది తలుపు దగ్గర నుంచి.

అక్క లేచి నిలబడింది. కొంగు చేత్తో నలుపుతోంది. "నాయి ఇంక రెండు నెలలున్నయి" అంది. "తమ్ముడు గియ్యాల బాగైందని చెప్తే రేపటి సంది మా ఇంటికి రాడు. నాకు ఒక్కదానికి భయమైతది. నాయి సుత అయినంక ఇద్దరం చెప్తం."

పెద్దబాపు పెన్సిలు తీసి రాసుకున్నాడు. నా వైపు చూశాడు. "ఆగుతవా బిడ్డా?"

నాలుగు నెలలుగా మింగేసుకున్న మాటలన్నీ జేబులో బరువుగా ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం మనసు గింజుకుంది. తర్వాత ఆమె ముఖం చూశాను. "ఆగుత" అని కూర్చున్నాను.

ఇంకో రెండు నెలలు పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళాను. నాకు వేసుకోవడానికేమీ లేదు, ఆమె గోలీలు వేసుకుంటుంటే ఎదురుగా కూర్చుని నీళ్ళు తాగేవాణ్ణి. చిన్నబిడ్డ నాకు కూడా గ్లాసు నిండా పోసేది. ఆఖరి గోలీ వేసుకున్న రోజు అక్క కవరును పారేయకుండా రెండు వైపులా తిప్పి చూసింది, ఎక్కడైనా ఒకటి మిగిలిందేమోనని. పరీక్షలో ఆమెకూ ఏమీ లేదన్నారు.

ఆ ఆదివారం పెద్దబాపు మా ఇద్దరినీ ముందుకు పిలిచాడు. ముందు అక్కను మాట్లాడమన్నాడు. ఆమె జన్మలో మైకు ముందు నిలబడలేదు. ఆడపిల్లలిద్దరూ ముందు వరసలో చాప మీద కూర్చున్నారు. అక్క వాళ్ళనే చూస్తూ చెప్పింది.

"నాకు మాట్లాడొస్తలేదు. గోలీలన్ని తిన్న. నా పిల్లలకు నేనున్న."

అంతే. పక్కకు జరిగి మైకు నాకు వదిలింది. జేబులో నాలుగు పేజీలున్నాయి, కొత్తగా రాసుకున్న రెండు కలిపి ఆరు. తీయలేకపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగి ముందున్న జనం కనబడలేదు.

"నేను సుత ఉన్న" అన్నాను.

పెద్దబాపు కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "ఇగ దీవెనకు లేవుండ్రి" అన్నాడు.